సంచి వీపు

ఎలుక సంచి ముఖం జోలికి పోలేదు. వీపునే కొరికింది.

ఆ పొద్దున బయ్యప్ప దుమ్ము దులుపుదామని చిలక్కొయ్య మీది జోడు సంచిని దించాడు. దించుతుండగానే కాళ్ళ మీద రాగిగింజలు జలజలా రాలాయి. తిప్పి చూస్తే ఎడమ సంచి వెనకపక్కన, అడుగు నుంచి జానెడు పైన, అరచెయ్యి దూరేంత చిల్లు. పడుగూ పేకా రెండూ తెగి, అంచులు నమిలి ఉమ్మిన చెరకు పిప్పిలా ఉన్నాయి. ముందుపక్క మాత్రం ముదురెరుపూ నేరేడుపండు రంగూ కలిసిన ఉన్నికుచ్చుల నేత, మధ్యమధ్య తెల్లచుక్కలు, తనకేమీ తెలియనట్టు నిగనిగలాడుతూనే ఉంది.

ఆ సంచి బయ్యప్పది కాదు. అసలు బాధ అక్కడే ఉంది.

సంచి నూర్ బక్ష్‌ది. చింతామణి సంతలో అందరూ అతన్ని ఇంగువ సాయిబు అంటారు. సింధు అవతల ఎక్కడో, రైలు ఆగిపోయినాక ఇంకా రెండు రోజులు నడిస్తే వచ్చే బలూచీల పల్లె అతనిది. వానలు తగ్గగానే ఇంగువ మోసుకొని ఈ సీమకు దిగుతాడు, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ సంచి అతని భుజం మీదే ఉంది. వాళ్ళమ్మ పెళ్ళికి ముందు నేసి, అత్తగారింటికి గాడిద మీద వేసుకొని వెళ్ళిందట. ఆమె పోయి చాలా కాలమైంది.

పోయిన కార్తీకంలో రెండు సంచుల్నీ కలిపే నడిమి పట్టీ చిరిగింది. సాయిబు దాన్ని పట్టుకొని సంతలో గోనెలు కుట్టేవాళ్ళ వరసకు వచ్చాడు. మొదటివాడు ముందుపక్క చూసి "అబ్బో, ఏం బొమ్మలప్పా!" అన్నాడు. రెండోవాడు కుచ్చుల్ని నిమిరి, ఎంతకు కొన్నావని అడిగాడు. మూడోవాడు బయ్యప్ప. అతను దాన్ని బోర్లా తిప్పి, వీపు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని అంగుళం అంగుళం తడిమాడు. సాయిబు ఇంకో మాట అడగలేదు.

"నేను మద్రాసు పోతా. శివరాత్రి దాటి పది దినాలకు వస్తా. నీ దగ్గరే పెట్టు," అని వెళ్ళిపోయాడు.

వీపు ముందు చూడటం బయ్యప్ప తెలివి కాదు, వాళ్ళ ఇంటి అలవాటు. అతని తాతముత్తాతలు పెరికెద్దుల మీద వ్యాపారం చేసినవాళ్ళు. ఎద్దు వీపుకు అటొకటి ఇటొకటి వేలాడే జోడు సంచే పెరిక. సముద్రం నుంచి ఉప్పు తెచ్చి, ఇక్కణ్ణుంచి చింతపండు తీసుకుపోయేవాళ్ళు. రైలొచ్చింది, లారీలొచ్చాయి, ఎద్దులు పోయాయి. బయ్యప్ప చదువు కూడా ఎద్దులతోపాటే పోయింది, మూడో తరగతిలో. మిగిలింది దబ్బనం ఒకటి. మండీల ముందు కూర్చొని ఊరివాళ్ళ గోనెలు కుట్టడం. గోనెల బయ్యడు అంటే తప్ప ఎవరికీ తెలియదు. నలభై అయిదేళ్ళొచ్చినా ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి నోట్లో వేపాకు నమిలినట్టే ఉంటుంది.

తాత మాట మాత్రం ఒకటి మిగిలింది. "పెరిక ముఖం సంతలో జనానికిరా, వీపు ఎద్దుకు. ఎద్దుకు నోరు లేదు. దాని తరఫున మనమే చూడాల."

తాత చెప్పింది ఇంకొకటి కూడా ఉంది. వట్టి పెరిక మూతి కట్టరాదు. పిడికెడు గింజలైనా వేసి కట్టాలి. లేకుంటే ఆ పెరిక పోయే దారంతా వట్టిదవుతుంది. పట్టీ కుట్టడం పూర్తయిన రోజు బయ్యప్ప అదే చేశాడు. రెండు సంచుల్లో పిడికెడు పిడికెడు రాగులు వేశాడు. మూతికున్న మేకవెంట్రుకల ఉచ్చులు ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసులా అల్లాడు. భక్తిగా చిలక్కొయ్యకు తగిలించాడు.

అక్క అక్కయమ్మ వాకిలి ఊడుస్తూ వచ్చి చిల్లు చూసింది. మొగుడు పోయినప్పటి నుంచి తమ్ముడి దగ్గరే ఉంటోంది. నోటికి మాత్రం ఏ వైధవ్యమూ లేదు.

"రాగులేసినావా?"

"ఏసినా."

"ఒరే బయ్యా, తాత చెప్పింది దారిన పోయే సంచికి. ఎద్దు మీద ఊగులాడతా పోయే సంచికి ఎలుక యాడొస్తాది? గోడకు ఏలాడే సంచికి రాగులేసేది ఎలుకను పెండ్లికి పిల్చినట్లు కాదా?"

బయ్యప్ప రాలిన గింజలు ఏరసాగాడు. తాతకు రెండు నెలలు గోడకు వేలాడిన పెరిక ఎప్పుడూ లేదు. ఆ మాట తనకు తట్టలేదు.

"ఇంకా నెలన్నర ఉండాది," అన్నాడు చివరికి. "బాగు చేస్తా."

"దేంతో? గోనె పురికొసతోనా?"

"దాని నూలుతోనే."

"దాని నూలు సింధులో ఉండాది!"

---

మునిశామప్ప చిక్కబళ్ళాపురం మండీలో దళారి. చింతపండుకూ దళారే, పాత ఇత్తడి సామాన్లకూ దళారే. దొరలకు నచ్చేది ఏ ఇంటి అటక మీద ఉన్నా అతని ముక్కుకు తెలుస్తుంది. మూడోరోజు బయ్యప్ప ఇంటికి వచ్చి, సంచి చూసి, అరుగు మీద చతికిలపడ్డాడు.

"బయ్యప్పా, ఇది సంచి కాదప్పా. కళ! మా ఊర్లో ఒక రిటైరు దొర ఉండాడు, నంది కొండ గాలికని బంగళా తీసుకొన్నాడు. ఇట్లాంటివే పోగు చేస్తాడు. గోడ నిండా ఉండాయి."

"ఇట్లాంటివేనా? బలూచీలవేనా?"

"అచ్చం ఇవే."

బయ్యప్ప కళ్ళలో మెరుపు చూసి మునిశామప్ప పని అయిందనుకున్నాడు. బయ్యప్ప ఆలోచన వేరు. గోడ నిండా ఉన్నాయంటే, వాటి వీపులు చూడొచ్చు. ఆ నూలు ఎన్ని పోగులదో, పురి ఎటు తిరిగిందో, చిల్లు పడితే వాళ్ళే ఎలా బాగుచేస్తారో అన్నీ తెలుస్తాయి. ఒక దాని మీదైనా పాత మాసిక ఉండకపోదు. మర్నాడే సంచి భుజాన వేసుకొని చిక్కబళ్ళాపురం మోటారు బస్సెక్కాడు.

మునిశామప్ప అబద్ధం చెప్పలేదు. బంగళా హాల్లో గోడ పొడవునా పన్నెండు వేలాడుతున్నాయి. ఎరుపులు, నీలాలు, ఒంటె రంగు మీద ఎర్రటి చెట్లు, గళ్ళు, నక్షత్రాలు. బయ్యప్ప నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. అవి నేసినవాళ్ళు ఎవరోగాని, వాళ్ళ చేతులకు మొక్కొచ్చు. దగ్గరికి పోయి ఒకదాని అంచు పట్టుకొని తిప్పాడు.

వెనకాల గోడే ఉంది.

రెండోది తిప్పాడు, మూడోది తిప్పాడు. అన్నిటికీ ముఖాలే. కుట్టు వెంబడి కత్తెర నడిచిన గుర్తు మాత్రం ఉంది. ఒలిచి ఆరవేసిన తోళ్ళలా ఉన్నాయి పన్నెండూ.

"వీపులు యాడ?" అన్నాడు.

మునిశామప్ప అతని ముంజెయ్యి గిల్లాడు. దొర మెల్లగా వచ్చాడు. తెల్లమీసాల మనిషి, చేతిలో భూతద్దం. బయ్యప్ప సంచిని బల్ల మీద పరిచి, పసిబిడ్డను తాకినట్టు తాకాడు. ఏ తెగవాళ్ళు నేశారో, ఎన్నేళ్ళ కిందటిదో ఏకరువు పెడుతూ పోయాడు. మునిశామప్ప దాన్ని తెలుగులో వినిపిస్తూ పోయాడు. తెలిసిన మనిషే, అందులో సందేహం లేదు. ఆ తెల్లచుక్కల్ని చూస్తున్నప్పుడు దొర కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. బయ్యప్పకు ఒక్క క్షణం అతని మీద మంచి అభిప్రాయం కలిగింది.

అప్పుడు దొర సంచి తిప్పి చిల్లు చూసి, నవ్వి ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు?"

"దిగులు పడొద్దంటాండాడప్పా. ఎట్లాగూ వెనక పక్క కోసేసేదే కదా అంటాండాడు. ముందుదే కళ, వెనకది వట్టి గోనె అంట." మునిశామప్ప గొంతు తగ్గించాడు. "నీ అదృష్టం చూడు! కోసేస్తే చిల్లు పోతాది, చిల్లుతో నీ తప్పూ పోతాది. మంచి ఎద్దు వచ్చేంత సొమ్ము ఇస్తాడంట. సాయిబుకు సగమిచ్చినా వాడు నీ కాళ్ళకు మొక్కుతాడు. నీ వాకిట్లో ఎద్దు, బయ్యప్పా!"

ఎద్దు అన్న మాట బయ్యప్పకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాళ్ళ వాకిట్లో ఎద్దు కట్టి ముప్పై అయిదేళ్ళు దాటింది. గుంజ పాతిన గుంట ఇంకా ఉంది, వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. కాని గోనె అన్న మాట ఇంకా లోతుగా తగిలింది. అతని బతుకంతా వెనక పక్కే. ముఖాన్ని మెచ్చుకున్నవాళ్ళెవరూ వెనక కుట్టింది ఎవరని ఎన్నడూ అడగలేదు.

"తప్పు వీపులో ఉండాది. వీపు కోసి పారేస్తే తప్పు పోదు, దాన్ని చూసేవాడు ఉండడు, అంతే," అన్నాడు. "సంచి నాది కాదని చెప్పు దొరకు."

"ఒరే, నీకు మతి ఉండాదా!"

సంచి మడిచి భుజాన వేసుకొని బయటికి నడిచాడు. వంటింటి వైపు మెట్టు మీద కాళ్ళు తుడుచుకునే గుడ్డ ఒకటి పడి ఉంది. నల్లచారలు, గోధుమచారలు, బురద. బయ్యప్ప ఒక కాలు ఎత్తి ఆగిపోయాడు. కూర్చొని బురద గోకాడు. అది గుడ్డ కాదు. వీపు.

వంటమనిషి తలుపులోంచి తొంగిచూశాడు. "ఏమప్పా, ఏం పోగొట్టుకొన్నావు?"

"ఈ గుడ్డ ఇస్తావా అన్నా? దీనికి బదులు కొత్త గోనెపట్టా కుట్టిచ్చి పోతా."

వంటమనిషి వింత జంతువును చూసినట్టు చూశాడు. బయ్యప్ప ఆ మెట్టు మీదే కూర్చొని, తన దబ్బనం తీసి, వాళ్ళ బియ్యపు గోనె మడిచి నాలుగంచులూ కుట్టిచ్చాడు. గుడ్డను బావి దగ్గర ఉతికి చంకన పెట్టుకున్నాడు.

---

ఆ గుడ్డ నూలు పనికి రాదు, కాళ్ళ కింద పడి అరిగి చీకిపోయింది. కాని దాన్ని విప్పి చూడొచ్చు. సాయిబు సంచిలో ఒక్క పోగు కూడా లాగకుండా దాని గుట్టు తెలుసుకోవచ్చు. పేరేసంద్ర దాకా బస్సులో, అక్కణ్ణుంచి బాగేపల్లి దాకా వేరుశనగకాయల బండి మీద కూర్చొని పోగు పోగే విప్పుకుంటూ పోయాడు. బండి దిగేసరికి తెలిసిపోయింది. గొర్రె ఉన్నే. రంగులు వేసింది కాదు, గొర్రెకు పుట్టిన నలుపు, గొర్రెకు పుట్టిన గోధుమ. ఒక్కో పోగూ రెండు సన్నపోగులు కలిపి పెనవేసింది.

బాగేపల్లిలో కురబల ఇళ్ళున్నచోట కంబళ్ళకు ఉన్ని వడికేవాళ్ళలో మునిలక్ష్మమ్మ చెయ్యి పెద్దచెయ్యి అంటారు. డెబ్బై ఏళ్ళ మనిషి. పోగు అందుకొని కంటికి ఆనించి చూసింది.

"గొర్రెదే నాయనా. ఇంత సన్నంగా ఇంత పురి ఎవురు తిప్పినారో, వాళ్ళకు ఇంట్లో వేరే పని ఉండదు."

"నువ్వు తిప్పల్లమ్మా. నల్లది కొంచెం, గోధుమది కొంచెం. గుప్పెడు చాలు."

"నేనా? ఇంత పురి పెడితే కంబళి కాదప్పా, చాప అవుతాది. మా తీరు కాదు. పో, ఎండెక్కుతాండాది."

బయ్యప్ప పోలేదు. ఆమె పందిట్లో చిరిగిన గోనెలు కుప్పగా ఉంటే, ఒకటి లాక్కొని కుట్టడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"నీ గోనెలైపోయేదాకా."

"అయిపోతే?"

"పక్కింట్లో కూడా ఉండాయి, చూసినా."

మునిలక్ష్మమ్మ కోడలు ఫక్కున నవ్వింది. ముసలామె నవ్వు ఆపుకొని, "ఏం మొండి ముండావాడివప్పా నువ్వు!" అంటూ కదురు అందుకుంది. సాయంత్రానికి నల్లపోగు ఒక బారెడు విసిరేసింది. బయ్యప్ప దాన్ని ఆ గుడ్డపోగు పక్కన పెట్టి చూశాడు.

"ఇది ఒంటిపోగమ్మా. అది జంటపోగు. వడికింది ఒక దిక్కు, పెనేసింది ఎదురు దిక్కు."

"అరవై ఏండ్లుగా వడుకుతాండా, గోనెలు కుట్టేవాడు నా కదురుకు వంక పెడతాడా!"

"నీ కదురుకు కాదమ్మా. గొర్రె ఇక్కడిదైనా అక్కడిదైనా ఒకటే. పురి తప్పితే గుడ్డ మెలిదిరుగుతాది, ఎద్దు వీపు కోసుకుంటాది."

ఎద్దు మాట వినగానే ఆమె తిట్టు సగంలో ఆపింది. జీవాల్ని పెంచే మనిషి. తెల్లారి మళ్ళీ కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నానికి రెండు రంగుల జంటపోగు గుప్పెడు గుప్పెడు ఉండలు కట్టి బయ్యప్ప చేతిలో పెట్టింది. బయ్యప్ప అప్పటికి పదకొండు గోనెలు కుట్టాడు.

---

చింతామణిలో పని అంత సులువుగా సాగలేదు. చిల్లు అంచుల్లో ఎలుక నమిలిన పిప్పిని ఒక్కో పోగే కోసి, బతికున్న నేత దాకా వెనక్కి పోయాడు. అక్కడ కొత్తపోగును పాతపోగు పక్కనే నాలుగు వేళ్ళ మేర దూర్చి నడిపి, అవతలి అంచులో మళ్ళీ దూర్చాడు. ఇలా పడుగంతా పోసి, దానిలో పేక ఆడించాడు. మొదటిసారి బిగువు ఎక్కువై గుడ్డ ముడత పడింది. అంతా విప్పేశాడు. రెండోసారి నల్లచార అరవేలు పక్కకు జరిగింది.

"పోనీలేరా," అంది అక్కయమ్మ. "వెనకపక్క ఎవురు చూస్తారు?"

"చూసేవాడే వస్తాండాడు."

మళ్ళీ విప్పాడు. సంతకు పోవడం తగ్గింది. ఇంట్లో కూర తగ్గింది. అక్కయమ్మ తిడుతూనే, అతను అడగకుండానే కొత్తపోగుల్ని తడిపి, నీడలో ఆరబెట్టి అందిస్తూ వచ్చింది. మూడోసారి చార చారకు కలిసింది. శివరాత్రికి నాలుగు రోజుల ముందు చివరి పోగు దూర్చి, అరచేత్తో తడిమి చూశాడు. మాసిక గట్టిగా తగులుతోంది. కొత్తపోగు కదా, చేయి చెబుతోంది.

మళ్ళీ గోడకు తగిలించే ధైర్యం లేకపోయింది. మర్నాటి నుంచి ఆ సంచి నిండా పురికొస ఉండలు కుక్కి, భుజాన వేసుకొని సంతకు నడవడం మొదలుపెట్టాడు. మాసిక ఒంటికి ఒరుసుకునేట్టు వేసుకున్నాడు. బరువుతో నడిస్తేనే మెత్తబడుతుంది. జనం నవ్వారు. "గోనెల బయ్యడు నవాబు అయినాడ్రా!" అన్నారు. బయ్యప్ప వినలేదు. ఎడమ భుజం వెనక చర్మం ఎర్రగా కందిపోయింది.

శివరాత్రి దాటింది. పది రోజులయ్యాయి. ఇరవై అయ్యాయి. ఎండలు మొదలయ్యాయి. మునిశామప్ప మళ్ళీ వచ్చాడు.

"సాయిబు ఇంక రాడప్పా. మద్రాసులో కలరా అంట. దొర ఇంకా అడగతానే ఉండాడు. మాసిక బ్రహ్మాండంగా ఏసినావు, కాదనను. ఎవురికోసరం?"

"గాడిదకోసరం," అన్నాడు బయ్యప్ప, గోనె కుడుతూ తలెత్తకుండా.

"ఏం గాడిద?"

"వాళ్ళ ఊర్లో ఉండేది. దానికి నోరు లేదు."

మునిశామప్ప ఇతనికి ఎండ కొట్టిందనుకొని లేచిపోయాడు.

ఆ వారం సంతరోజున, పొద్దు నెత్తికెక్కినప్పుడు, ఇంగువ వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. నూర్ బక్ష్ సగమయ్యాడు. జ్వరం పడ్డాడట, నెలరోజులు ఆస్పత్రిలో ఉన్నాడట. ఇంగువ ఒక చీకిన దుప్పట్లో మూట కట్టుకొని మోస్తున్నాడు.

బయ్యప్ప పురికొస ఉండలు కుమ్మరించి సంచి అతని ముందు పెట్టాడు. సాయిబు పట్టీ చూడలేదు, ముఖమూ చూడలేదు. బోర్లా తిప్పాడు. అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని తడుముతూ వచ్చాడు. చెయ్యి ఎడమ సంచి అడుగు మీదికి వచ్చి ఆగింది.

"ఇది మా అమ్మ చెయ్యి కాదు."

"కాదు," అన్నాడు బయ్యప్ప. రాగులు, ఎలుక, చిల్లు అన్నీ చెప్పాడు. దొర ఇస్తానన్న ఎద్దు సంగతి కూడా దాచలేదు. "ఇంకా ఇస్తాడు సాయిబూ. సంచి నీది. నీ ఇష్టం."

సాయిబు తలెత్తాడు. "ముఖం ఒకటే కావాలన్నాడా?"

"ఒకటే."

"మరి ఇంగువ యాడ పెడతాడు?" అన్నాడు నిజంగానే అర్థం కాక. మళ్ళీ మాసిక మీద బొటనవేలితో నొక్కాడు. "గట్టిగా ఉండాది బయ్యప్పా. ఒరుసుకుంటాది."

నెలరోజులుగా ఆ మాసికను చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ ఒక్క మాట అన్నవాడు ఇతనే.

"ముందు ఇంకా గట్టిగా ఉన్నింది. చూడు," అని బయ్యప్ప చొక్కా జార్చి కందిన భుజం చూపించాడు.

సాయిబు ఆ భుజాన్ని చూశాడు, మాసికను చూశాడు. తల ఊపి, దుప్పటి మూట విప్పి ఇంగువ డబ్బాలు సంచుల్లో సర్దడం మొదలుపెట్టాడు. మూతి ఉచ్చు మొదటిది దూర్చబోతుంటే, బయ్యప్ప చెయ్యి దానంతట అది రాగుల కోసం ముందుకు సాగి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

అన్నం తెచ్చి పక్కన కూర్చున్న అక్కయమ్మ అది చూసింది. లేచి, ఎదురుగా రాగులమ్మే ఆమె రాశిలోంచి పిడికెడు తీసుకొచ్చి తమ్ముడి చేతిలో కుక్కింది.

"ఇప్పుడెయ్యిరా. ఇప్పుడు దారిన పోతాండాది."

బయ్యప్ప వేశాడు. సాయిబు ఎందుకని అడగలేదు. ఉచ్చులు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ చివరిదాకా గొలుసు అల్లి, సంచి ఎత్తి భుజాన వేసుకున్నాడు. నాలుగడుగులు వేసి, ఆగి, భుజం ఎగరేసి సర్దుకున్నాడు. మాసిక ఒరుసుకుంటున్నట్టుంది.

"రైలు దిగి ఊరు చేరేలోగా మెత్తబడతాది!" అని అరిచాడు బయ్యప్ప.

"చూస్తా. లేకుంటే మళ్ళీ కార్తీకంలో నీకే తెస్తా," అన్నాడు సాయిబు వెనక్కి తిరగకుండానే.

బయ్యప్ప చొక్కా సర్దుకొని, దబ్బనంలో పురికొస ఎక్కించి, ముందున్న గోనెను బోర్లా తిప్పాడు.